విచ్చుకోని తూటా

తుపాకుల పరీక్ష విభాగంలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. టీ చేతికి రాగానే అందరూ అడిగేది ఒకటే: "సార్, మీరు ఎన్ని రకాల తుపాకులు కాల్చారు?" నాకు ఒళ్లు మండుతుంది. వంటమనిషిని పట్టుకుని ఎన్ని రకాల గరిటెలు తిప్పావని ఎవరైనా అడుగుతారా? మా పని తుపాకి కాల్చడం కాదు. కాల్చిన తర్వాత తూటా ఎంత లోతు దిగింది, దాని ఆకారం మారిందా లేదా, మారితే దేనివల్ల మారింది, ఇది చెప్పడం. మనం చెప్పే ఆ ఒక్క ముక్క మీద ఒక మనిషి ఇంటికి పోతాడు, లేదా జైలుకు పోతాడు. ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు నేను ఇక్కడ రాయను. అవి అందరికీ ఉండేవే, చదివేవాళ్లకు అక్కరకు రానివే.

మాది కోడేరు దగ్గర పల్లె. నౌకరీ హైదరాబాద్‌లో, సర్కారు పరీక్షశాలలో. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పటికింకా ఒకే జిల్లాలో ఉండేవి. ఆ వైపు నుంచి ఏ కేసు వచ్చినా "మీ ఊరి సంగతి, నువ్వే చూసుకో" అని నా బల్ల మీద పడేసేవాళ్లు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో అక్కడినుంచి పిస్టల్, రివాల్వర్ కేసులు బాగానే వచ్చేవి. లైసెన్సు తీసుకున్న కాంట్రాక్టర్లు, వాళ్ల కాపలాదారులు, దొంగచాటుగా నాటు పిస్తోళ్లు దాచుకున్నవాళ్లు, అన్ని రకాలూ ఉండేవాళ్లు.

ధరూర్ బర్రె

ముందు నవ్వొచ్చే సంగతి చెప్పి తర్వాత అసలు సంగతికి వస్తాను.

ధరూర్ మండలంలో ఒక రైతు బర్రె చచ్చిపోయింది. పశువుల డాక్టరు కోసి చూస్తే గుండె దగ్గర ఇనుప ముక్క దొరికింది. గట్టు తగాదా ఉన్న పక్క పొలం వాడే పిస్తోలుతో కాల్చాడని రైతు ఠాణాకు పోయాడు. ఒక కానిస్టేబుల్ ఆ ముక్కను మిఠాయి డబ్బాలో దూది పరిచి, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు.

"బర్రె తోలు మీద బొక్క ఉన్నదా?" అని అడిగాను.

"లేదు సార్. లోపట్నే ఉండె."

"తోలుకు బొక్క పడకుండ తూటా లోపటికెట్ల పోయింది?"

కానిస్టేబుల్ బాగా ఆలోచించాడు. "నోట్లెకెళ్లి కొట్టిండేమో సార్," అన్నాడు.

అది ఏదో మిషన్ నుంచి ఊడిపోయిన బోల్టు ముక్క. మేతతో పాటు బర్రె మింగింది, కడుపులోంచి గుండె వైపు పొడుచుకుంది. ఊళ్లో మాత్రం అప్పటికే పక్క పొలం వాడు పిస్తోలు ఎక్కడ కొన్నాడో, ఎవరి మోటార్ సైకిల్ మీద తెచ్చాడో కూడా చెప్పేస్తున్నారు. నేను నేర్చుకున్నది ఏమిటంటే, జనం ముందు లోహం చూస్తారు, తర్వాత దానికి తుపాకి అతికిస్తారు. మనం ముందు దారి చూడాలి. ఎటునుంచి వచ్చింది, ఎంత దూరం పోయింది, ఎక్కడ ఆగింది.

దిమ్మె

తూటా మనిషి ఒంట్లో ఎంత లోతు పోతుందో చూడటానికి మేము జెలటిన్ దిమ్మెలు వాడతాం. జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసిన పొడి అది. వేడి నీళ్లలో కరిగించి, పెట్టెల్లో పోసి, బాగా చల్లగా గడ్డ కట్టించాలి. అప్పుడు కండ ఎంత అడ్డుపడుతుందో అదీ దాదాపు అంతే అడ్డుపడుతుంది. వాడే ముందు ప్రతి దిమ్మెనూ ఎయిర్‌గన్‌లో వేసే శనగగింజంత ఛర్రాతో కొట్టి చూడాలి. ఛర్రా దిగాల్సినంత దిగితేనే ఆ దిమ్మె పనికొస్తుంది. దిమ్మె కాస్త వేడెక్కినా మెత్తబడి తూటా ఎక్కువ లోతు పోతుంది, మనం రాసే లెక్క అబద్ధమవుతుంది. ఈ ఛర్రా పరీక్ష ఎగ్గొట్టేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లు ఈ పని మానేసి ఇంకేదైనా చేసుకుంటే దేశానికి మంచిది.

తూటాల్లో కొన్ని ఒంట్లోకి పోయాక ముక్కు విచ్చుకుని పుట్టగొడుగులా అవుతాయి. వాటిని అందుకోసమే తయారుచేస్తారు. కొన్ని విచ్చుకోవు. మన దగ్గర లైసెన్సు రివాల్వర్లలో ఎక్కువగా వాడే తూటా రెండో రకం. నిండు సీసం, గుండ్రటి ముక్కు, వేగం తక్కువ. ఒంట్లోకి ఎట్లా పోతుందో దాదాపు అట్లాగే బయటికి వస్తుంది. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఏమిటంటే, వంకరపోయిన తూటా కనిపిస్తే చాలు విచ్చుకుందని రాస్తారు. విచ్చుకోవడం వేరు, నలగడం వేరు. ముఖం వాచినవాడినీ ముఖం పగిలినవాడినీ ఒకటే అంటే ఎట్లా?

ఈ తేడా మీదే నా నౌకరీలో అన్నిటికన్నా గట్టి పోరు జరిగింది.

ఒక్క దెబ్బ

పాన్‌గల్ వైపు ఒక ఊరి గుట్టను రాయి కోసం ఒక కాంట్రాక్టర్ పట్టాడు. బండలు పేల్చినప్పుడల్లా రాళ్లు ఎగిరి కింది వేరుశనగ చేలల్లో పడేవి. ఎంత చెప్పినా కాంట్రాక్టర్ వినలేదు. ఒక పొద్దున ఊరివాళ్లంతా కలిసి రాయి కొట్టే మిషన్ ఆపమని పోయారు. ముందు నడిచినవాడు కుర్మయ్య అనే రైతు. ఆయన వెనకే భార్య బాలమణి. కాంట్రాక్టర్ దగ్గర కాపలాకు గౌస్ అనే మనిషి ఉన్నాడు. గద్వాల వాడు, మిలిటరీలో చేసి వచ్చినవాడు, లైసెన్సు రివాల్వర్ ఉన్నవాడు. మాటా మాటా పెరిగింది. "జర బెదిరియ్" అని కాంట్రాక్టర్ అన్నాడట. గౌస్ ఒక్కసారి కాల్చాడు. కుర్మయ్య మెడ పక్కన తూటా దిగింది. దవాఖానకు తీసుకుపోయే లోపే ప్రాణం పోయింది.

దగ్గర నుంచి, గురి చూసి, నేరుగా కొట్టాడని పోలీసుల మాట. బెదిరించడానికి పక్కకు కాల్చానని గౌస్ మాట. పక్కకు కాలిస్తే మెడలోకి ఎట్లా వచ్చిందని ఎస్సై అడిగితే, "అల్లాకే తెల్వాలె" అన్నాడట. హత్య అని తేలితే యావజ్జీవం. నిర్లక్ష్యం వల్ల జరిగిన చావు అని తేలితే శిక్ష చాలా చిన్నది. ఈ రెండింటి మధ్యా ఉన్నది శవ పరీక్షలో దొరికిన సీసం ముక్క ఒక్కటే. అది మా బల్ల మీదికి వచ్చింది.

తూటా ఒక పక్కంతా చదునై ఉంది. మా పై అధికారి రావు గారు దాన్ని చేతిలో తిప్పి చూసి, "విచ్చుకుంది. నేరుగా కొట్టిన దెబ్బే. రాసి పంపించెయ్యి," అన్నారు.

రావు గారి గురించి రెండు మాటలు చెప్పాలి. డెల్టా ప్రాంతం మనిషి. పనిలో దిట్ట. నాకు భూతద్దం పట్టుకోవడం నేర్పింది ఆయనే. కానీ అప్పటికి బల్లల మీద కేసులు మనిషెత్తు పేరుకుని ఉన్నాయి, పైనుంచి రోజూ ఫోన్లు. అంత మంచి కన్ను కూడా తొందరలో ఉంటే చూడాలనుకున్నదే చూస్తుంది.

"సార్, ఇది విచ్చుకునే రకం కాదు," అన్నాను.

"మెత్తటి సీసం కదయ్యా. ఎముకకు తగిలి ఉంటుంది."

"ఎముకకు తగల్లేదని డాక్టరు రాశాడు సార్. పైగా తూటా చర్మం కింద కొద్ది లోతులోనే ఆగింది. అక్కడ పెద్ద రక్తనాళం ఉంది కాబట్టి మనిషి పోయాడు. దగ్గర నుంచి నేరుగా కొడితే మెడలో ఆగుతుందా? అటు నుంచి బయటికి పోతుంది."

"మెడలో తువ్వాల వేసుకున్నాడుగా. మడతల మీద తగిలింది."

"తువ్వాలలు తూటాలను ఆపితే పోలీసులందరికీ తువ్వాలలే పంచేవాళ్లం కదా సార్."

ఆయనకు కోపం వచ్చింది. నేనూ కోపంగానే ఉన్నాను. "గౌస్ మీ వైపువాడని తాపత్రయమా?" అన్నారు.

"చచ్చిపోయినవాడు కూడా మా వైపువాడే సార్."

ఆయన తూటాను మళ్లీ కవర్లో పెట్టారు. చివరికి, "నెలాఖరు దాకా చూడు. అప్పటికి తేలకపోతే నేను చెప్పిందే పోతుంది," అన్నారు. నాకు ఆ గడువు చాలు. ఈ తూటా వట్టిగా నలగలేదు, ఏదో గట్టిదానికి తగిలే వచ్చింది, అదేమిటో తేల్చకుండా నేను సంతకం పెట్టేది లేదని ఆ రోజే అనుకున్నాను.

మా పరీక్షశాలలోనే మొదలుపెట్టాను. అదే రివాల్వర్, గౌస్ దగ్గర పట్టుకున్న డబ్బాలోవే తూటాలు, పోలీసులు చెప్పినంత దూరం. మెడంత మందం దిమ్మెను తూటా చీల్చుకుని పోయి, వెనక పెట్టిన దిమ్మెలో చాలా లోతున ఆగింది. తీసి చూస్తే ముక్కు గుండ్రంగా, గోలీలా అట్లాగే ఉంది. తువ్వాల మడత పెట్టి చుట్టి కొట్టాను, అదే కథ. తడి తువ్వాల చుట్టి కొట్టాను, అదే కథ. కాబట్టి మెడకు రాకముందే దాని వేగం సగం ఎవరో తినేశారు.

ఎవరు? కేసు కాగితాలు మాకు ఇంగ్లీషులో వచ్చేవి. కుర్మయ్య భార్య వాంగ్మూలంలో బులెట్ తన భర్తకు తగిలిందని, ఆయన పడిపోయాడని ఉంది. ఠాణా వాళ్లు గీసిన పటంలో మిషన్, దారి, మనుషులు నిలబడ్డ చోట్లు ఉన్నాయి. ఉన్న గట్టి వస్తువు మిషన్ ఒక్కటే. దాని ఇనుప రేకుకు తగిలిందేమో అనుకున్నాను. కానీ తూటా మీద రంగు మరక ఒక్కటి కూడా లేదు. సూక్ష్మదర్శినిలో మాత్రం, చదునైన వైపు ఏవో మెరిసే రేణువులు అతుక్కుని కనిపించాయి. కుర్చీలో కూర్చుని ఎంత చూసినా ఇంతకంటే తేలదని పాన్‌గల్ బస్సెక్కాను.

ఒక అక్షరం

గుట్ట దగ్గర ఎస్సై నాకోసం చూస్తున్నాడు. మర్యాదస్తుడే, కానీ నా రాక ఆయనకు నచ్చలేదు.

"కేసు సాఫ్‌గున్నది సార్. సాక్షులున్నరు, తుపాకి ఉన్నది, తూటా ఉన్నది. ఇంకేం గావాలె మీకు?"

"తూటా నలిగింది. ఎందుకు నలిగిందో గావాలె."

మిషన్ చుట్టూ తిరిగాను. ఎక్కడా కొత్త గీత లేదు. ఇంతలో కింది చేలోంచి ఒకామె, వెనకాల ఒక మగమనిషి వచ్చారు. ఆమె బాలమణి. వెంట ఉన్నది మరిది. పట్నం నుంచి ఎవరో వచ్చారని తెలిసి వచ్చారు. కుర్మయ్య పోయి అప్పటికి చాలా రోజులు కాలేదు. ఆమెను ఆ సంగతి అడగడం నాకు ఇష్టం లేదు. అయినా అడగాలి కదా.

"అప్పుడు నువ్వెక్కడున్నవమ్మా?"

"ఈన్నే ఉన్న సారూ. ఆయన ఎన్కనే."

"ఏం జూసినవ్?"

"ఏం జూస్త? గుండుకు తాకి ఆయనకు తాకె. పోలీసోళ్లకు గూడ గదే చెప్పిన."

ఎస్సై తలూపాడు. "గదే రాసినం సార్. గుండు తాకి పడిపోయిండనే రాసినం."

నేను ఆమె వైపు తిరిగాను. "అమ్మా, గుండు తాకిందా, గుండుకు తాకిందా?"

ఆమె నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "గుండుకు. గీ గుండుకు." నాలుగడుగులు వేసి, మనిషెత్తుకు మించి ఉన్న నల్లటి బండరాయి మీద అరచేత్తో కొట్టింది.

మా వైపు గుట్ట మీద ఉండే పెద్ద గుండ్రటి బండను గుండు అంటాం. చిన్నప్పుడు మేమంతా గుండ్ల మీదే జారి లాగులు చింపుకున్నవాళ్లం. ఠాణా రాతల్లో మాత్రం గుండు అంటే తుపాకీ గుండే. వాంగ్మూలం రాసినాయన రోజూ రాసే మాట అది. ఆమె "గుండుకు" అంటే ఆయన చెయ్యి అలవాటు కొద్దీ "గుండు" అని రాసుకుపోయింది. ఒక్క "కు" ఎగిరిపోయింది. అది ఇంగ్లీషులోకి మారేసరికి బండ కాస్తా బులెట్ అయి కూర్చుంది. ఇక పటంలో బండ ఎందుకు లేదంటారా? మా వైపు పటాల్లో బండలు ఎవరూ గీయరు. గీస్తే కాగితంలో ఇంక దేనికీ చోటుండదు.

"కు ఉంటే ఏంది, లేకుంటే ఏంది సార్?" అన్నాడు ఎస్సై.

"లేకుంటే గౌస్ మనిషి మీద గురి పెట్టిండు. ఉంటే, బండ మీద కొట్టిండు. తూటా బండకు రాసుకుని ఇటు దిరిగింది."

బండకు మిషన్ వైపున్న ముఖం మీద, ఛాతీ ఎత్తులో, వేలంత పొడుగున బూడిదరంగు గీత ఉంది. సీసాన్ని పట్టే రసాయనం చల్లితే గులాబీ రంగు తేలింది. అంటే అది సీసం. గౌస్ నిలబడ్డ చోటు నుంచి గీత దాకా తాడు పట్టించాను. తూటా బండకు ఎదురుగా కాదు, ఏటవాలుగా తగిలింది. ఎదురుగా తగిలితే ముక్కలయ్యేది. ఏటవాలుగా తగిలింది కాబట్టి ఒక పక్క చదునై, బండను ఆనుకుని జారి ముందుకు పోయింది. ఆ దారిలో కుర్మయ్య నిలబడి ఉన్నాడు.

బాలమణి అంతా చూస్తూ నిలబడింది. "గట్లయితే గాయన్ని ఇడిసిపెడ్తరా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పేలోపే మరిది అందుకున్నాడు. "గదేంది వదినా, నువ్వు గట్ల చెప్తె కేసు పల్చగైతది. గుండు సంగతి ఇడిసెయ్."

"ఎట్ల ఇడిసేది? నేను చూసింది గిదే. చూసిందొకటి చెప్పిందొకటి ఐతే, రేపు నేనేం చెప్పినా ఎవలు నమ్ముతరు?"

నాకు ఆమె మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. మొగుణ్ని పోగొట్టుకున్న మనిషి, చంపినవాడికి మేలు చేసే మాటను ఎందుకు దాచుకోలేదో ఆ రోజు నాకు పూర్తిగా అర్థం కాలేదు. "ఇడిసేది పట్టేది జడ్జి. తూటా ఎట్ల వచ్చిందో చెప్పేదే నేనమ్మా," అన్నాను.

వనపర్తి ఐసు

ఆమె మాట ఒక్కటే అయితే కోర్టులో నిలబడదు. బండ మీద గీత ఒక్కటే అయితే అది ఎప్పటిదో అంటారు. అదే రకం బండకు తగిలిన అదే రకం తూటా ఇట్లాగే నలుగుతుందని, ఇంతే లోతు దిగుతుందని చేసి చూపించాలి. ఆ గుట్ట బండ పలకలను హైదరాబాద్ మోసుకుపోవడం నావల్ల కాదు. వనపర్తిలో పోలీసులు తుపాకులు కాల్చడం నేర్చుకునే మైదానం ఉంది. అక్కడే చేద్దామనుకున్నాను. కానీ ఎండాకాలం. దిమ్మెలు చల్లగా ఎక్కడ ఉంచాలి?

ఊళ్లో నర్సింలు సేటు ఐసు ఫ్యాక్టరీ ఉంది. కృష్ణా నది చేపల వ్యాపారులు ఆయన దగ్గరే ఐసు కొనేవాళ్లు. పోయి మర్యాదగా అడిగాను. "సేటూ, మీ చల్లటి గదిలో కొంచెం జెలటిన్ పెట్టుకుంటా."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "జెలటినా? నా ఫ్యాక్టరిలనా? సారూ, నేనేం తప్పు చేసిన?"

అప్పుడు వెలిగింది నాకు. అక్కడ జెలటిన్ అంటే బావుల్లో బండలు పేల్చే మందు కడ్డీలు. ఒక మాటతో గుట్ట దగ్గర ఏం జరిగిందో చూసి వచ్చి, ఇంకో మాటతో నేనే ఒక సేటు గుండె ఆపబోయాను. ఇది తినేవాటిలో కూడా కలిపే పొడి అని, పేలదని చెప్పి, చెంచాడు నోట్లో వేసుకుని చూపించాను. ఆయన దూరంగానే నిలబడి, "సరె పెట్టుకోండ్రి. ఒక మూలకు పెట్టుకోండ్రి," అన్నాడు.

మొదటిసారి పోసిన దిమ్మెలన్నీ కరెంటు పోయి పాయసమయ్యాయి. మళ్లీ కరిగించి పోశాను. ఈసారి దిమ్మెల చుట్టూ ఐసు గడ్డలు పేర్చి, పైన వరిపొట్టు కప్పించాను. ఒక్కొక్క దిమ్మెనే జీపులో మైదానానికి తీసుకుపోయి, ఛర్రా పరీక్ష చేసి, బండ పలకను గుట్ట దగ్గర కొలిచిన వాలులోనే నిలబెట్టి కాల్చాను. మొదట్లో తూటాలు పలక మీద జారి దిమ్మెకు పైనుంచో పక్కనుంచో పోయాయి. కొన్ని ముక్కలయ్యాయి. ఎండకు తల తిరిగేది. దిమ్మె మెత్తబడితే ఆ రోజుకు పని బంద్. వెంట ఉన్న కానిస్టేబుళ్లు "సారుకు ఎండ దెబ్బ తలిగింది" అని చెవులు కొరుక్కోవడం నాకు వినపడుతూనే ఉంది. కొరుక్కోనీ అనుకున్నాను. నెలాఖరు దగ్గర పడుతోంది. వెనక్కి పోయే ఆలోచన మాత్రం నాకు రాలేదు.

ఒక పొద్దున తూటా పలక మీద రాసుకుని దిమ్మెలో దిగింది. నేరుగా కాదు, పక్కకు పడుకుని దిగింది. లోపలికి కొద్దిగా పోయి ఆగింది. దిమ్మె మీద గాయం గుండ్రంగా కాకుండా పొడుగ్గా, చీలినట్టు ఉంది. కుర్మయ్య మెడ మీది గాయాన్ని డాక్టరు ఎట్లా రాశాడో అట్లాగే. తూటాను తీసి, కేసు తూటా ఫోటో పక్కన పెట్టాను. ఒక పక్క చదును, దాని మీద మెరిసే బండ రేణువులు.

వెంటనే రావు గారికి ఫోన్ చేశాను. ఆయన మర్నాడే వచ్చారు. ఎండలో గొడుగు పట్టుకుని నిలబడి, పలక వాలు తానే కొలుచుకున్నారు. ఛర్రా లోతు తానే చూసుకున్నారు. దిమ్మెలోంచి తీసిన తూటాను చాలాసేపు చూశారు. "మరొకటి కొట్టు," అన్నారు. "ఒక్కటే అయితే లాయరు కాకతాళీయం అంటాడు."

మరొకటి వచ్చేదాకా సాయంత్రమైంది. తర్వాత ఇంకొకటి. అప్పుడాయన, "నేను చెప్పింది తప్పు. రిపోర్టు నువ్వు రాయి, నేనూ సంతకం పెడతాను," అన్నారు. పిల్లలూ, మీకు అడ్డం పడే అధికారి చెడ్డవాడని అనుకోకండి. రుజువు చూశాక కూడా అడ్డం పడేవాడే చెడ్డవాడు. అట్లాంటివాళ్లనూ చూశాను. వాళ్ల పేర్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ బీపీ లేస్తుంది, అందుకని వదిలేస్తున్నాను.

బోనులో

కోర్టులో ముందు సర్కారు వకీలు నన్ను గుచ్చి గుచ్చి అడిగాడు. అతని కేసును మా రిపోర్టు పాడు చేసింది మరి. దిమ్మెలు చల్లగా ఉన్నాయా, పలక అదే గుట్టదా, వాలు ఎవరు కొలిచారు, అన్నీ అడిగాడు. అడగనీ. పని సరిగ్గా చేసినవాడికి బోనులో ఉన్నంత హాయి ఇంకెక్కడా ఉండదు.

తర్వాత గౌస్ తరఫు లాయరు లేచాడు. నన్ను సొంత మనిషి అనుకున్నట్టున్నాడు, నవ్వుతూ లేచాడు.

"అంటే ఇది వట్టి ప్రమాదం. ఆ బండ అక్కడ లేకపోతే ఈ చావు జరిగేదే కాదు. ఔనంటారా?"

"బండ అక్కడ ఎప్పటినుంచో ఉందండీ. కొత్తగా వచ్చింది తూటానే."

ఆయన నవ్వు ఆగింది. జడ్జి గారు ఆ మాట మళ్లీ చెప్పించుకుని రాయించారు. మన పరీక్ష ఒకరికి మేలు చేస్తే, వాళ్లు మనల్ని తమ పక్కకు లాక్కోవాలని చూస్తారు. పోకండి. తూటా బండకు తగిలిందని చెప్పినంత గట్టిగా, ఆ తూటా ఒక మనిషి వేలు నొక్కితేనే బయలుదేరిందని కూడా చెప్పాలి.

బాలమణి కూడా బోనెక్కి గుట్ట దగ్గర నాకు చెప్పిందే చెప్పింది. ఈసారి ఆ "కు" ఎక్కడికీ పోలేదు. తీర్పు వచ్చింది. హత్య కాదు. మనుషులున్నచోట వెనకాముందు చూడకుండా కాల్చి ప్రాణం తీసినందుకు గౌస్‌కు జైలు పడింది, యావజ్జీవం మాత్రం తప్పింది.

బయట వరండాలో పోలీసులు గౌస్‌ను తీసుకుపోతుంటే, అతను నన్ను చూసి ఆగాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "సాబ్, మీరు నా జాన్ బచాయించిండ్రు."

"నేనెవల్ని బచాయించలే గౌస్. తూటా ఎట్ల పోయిందో చెప్పిన, అంతే. నిన్ను బచాయించిన మనిషి ఆడున్నది."

బాలమణి మెట్ల దగ్గర ఉంది. మరిది పిలుస్తున్నా కదలకుండా ఇటే చూస్తోంది. తర్వాత తనే దగ్గరికి వచ్చింది. గౌస్ తల దించుకున్నాడు.

"అమ్మా, నేను కావాలని ఆయన్ని కొట్టలే," అన్నాడు.

"నాకు తెల్సు. గందుకే గుండుకు తాకిందని చెప్పిన. నేను చూసింది నేను చెప్పిన. నువ్వు చూసింది నువ్వు చెప్పలే."

"నేనేం జూసిన?"

"మమ్ములను జూసినవ్. కొట్టేటప్పుడు మేమంత ఆ గుండు పక్కనే ఉంటిమి. కనవడలేదా?"

వెంట ఉన్న కానిస్టేబుల్ అతని చెయ్యి లాగబోయి ఆగిపోయాడు. కోర్టులో ఇన్ని వాయిదాలు నడిచినా ఈ ప్రశ్న ఎవరూ ఇట్లా అడగలేదు. నా దిమ్మెల్లో, తాళ్లలో దీనికి జవాబు లేదు. గౌస్ తల ఎత్తాడు.

"కనవడ్డరు," అన్నాడు. "అందరు కనవడ్డరు. మీరు ఆడున్నరని తెల్సే గుండు మీద కొట్టిన."

బాలమణి కొంగుతో ముఖం తుడుచుకుంది. "గీ మాట ఇనేతందుకే అన్ని వాయిదాలకొచ్చిన," అని, మరిదిని రమ్మని, బస్టాండు వైపు నడిచింది.